ఓటు పార్టీది, ప్రశ్న సభ్యుడిది: ఎంపీ రికార్డు చదివే తీరు

మారతహళ్లి, వైట్‌ఫీల్డ్, ఎలక్ట్రానిక్ సిటీ వైపు స్థిరపడ్డ తెలుగు కుటుంబాల్లో ఓటు బెంగళూరుకు మార్చుకున్నవారు ఉన్నారు, ఇంకా అనంతపురంలోనో చిత్తూరులోనో కడపలోనో ఉంచుకున్నవారూ ఉన్నారు. 2024లో బెంగళూరు పోలింగ్ ఏప్రిల్ 26న, ఆంధ్రప్రదేశ్ పోలింగ్ మే 13న జరిగింది. ఎవరి ఎంపీ ఎవరైనా, ఆ సభ్యుడు ఢిల్లీలో ఏం చేశారన్న మాట వచ్చేసరికి అందరి ఫోన్లలోకీ వచ్చేది ఒకే రకం కార్డు. హాజరు ఇంత శాతం, ప్రశ్నలు ఇన్ని, చర్చలు ఇన్ని, రాష్ట్ర సగటు ఇంత. ఆ అంకెలు అబద్ధం కావు. కానీ వాటి పుట్టుక తెలియకుండా చదివితే పనిచేసిన సభ్యుడు వెనకబడినట్టూ, చేయని సభ్యుడు ముందున్నట్టూ కనిపించే ప్రమాదం ఉంది.

ముందుగా హాజరు సంగతి. సభ్యులు రోజూ హాజరు నమోదు చేయాలి. దినభత్యం దానికే ముడిపడి ఉంటుంది. 2023 ఏప్రిల్ నుంచి అది రోజుకు 2,500 రూపాయలు. హాజరు పడిందంటే సభ్యుడు ఆ రోజు వచ్చారని మాత్రమే అర్థం. ఎంతసేపు కూర్చున్నారో, ఓటింగ్ సమయానికి ఉన్నారో ఆ శాతం చెప్పదు. మంత్రులకు, సభాపతికి, ప్రతిపక్ష నాయకుడికి ఈ నమోదు లేదు. పైగా మంత్రి ప్రశ్నలు అడగరు, జవాబులు చెబుతారు. బెంగళూరు ఉత్తరం ఎంపీ శోభా కరంద్లాజే 2024 జూన్ నుంచి కేంద్ర సహాయ మంత్రి, కాబట్టి ఆమె పేరు కింద ప్రశ్నల గడి ఖాళీగా ఉండటం సహజం. అదే స్థానానికి ఆమె కంటే ముందున్న డి.వి. సదానంద గౌడ 2021 జులై దాకా కేంద్ర మంత్రి, తర్వాత మామూలు సభ్యుడు. ఆయన అయిదేళ్ల మొత్తాన్ని పక్క నియోజకవర్గం ఎంపీ మొత్తంతో పోలిస్తే ఆ లెక్కకు అర్థం లేదు. ఎవరు ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా మంత్రిగా ఉన్నారో చూశాకే పోలికకు కూర్చోవాలి.

ఇక ఓటు. పార్లమెంటులో ఎక్కువ బిల్లులు మూజువాణి ఓటుతో గట్టెక్కుతాయి. సభాపతి "అనుకూలురు అవునని, వ్యతిరేకులు కాదని చెప్పండి" అంటారు, వినిపించిన గొంతుల్ని బట్టి ఫలితం ప్రకటిస్తారు. అందులో ఎవరి పేరూ నమోదు కాదు. తెలుగువారి జీవితాలను ఇంతగా మార్చిన ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ బిల్లు 2014 ఫిబ్రవరి 18న లోక్‌సభలో నెగ్గింది మూజువాణి ఓటుతోనే. ఆ సమయంలో ప్రత్యక్ష ప్రసారం కూడా ఆగిపోయింది. ఆ బిల్లు ఆమోదానికి ఏ సభ్యుడు ఎటు ఓటేశారో చూపే పేర్ల జాబితా అందుకే లేదు. ఎవరైనా జాబితా చూపిస్తే అది పార్టీల వైఖరిని బట్టి కట్టుకున్న ఊహ అనే అనుకోవాలి. 2020 సెప్టెంబరు 20న రాజ్యసభలో వ్యవసాయ బిల్లుల మీద ప్రతిపక్షం డివిజన్, అంటే ఎవరు ఎటు ఓటేశారో పేర్లతో లెక్కించే ఓటింగ్, కోరింది. అది దొరకలేదు, మూజువాణితోనే ముగిసింది.

పేర్లు నమోదయ్యేది డివిజన్ జరిగినప్పుడే. సభాపతి ప్రకటించిన ఫలితాన్ని ఎవరైనా సభ్యుడు సవాలు చేస్తే లాబీలు ఖాళీ చేయమంటారు, మూడున్నర నిమిషాలు గంట మోగుతుంది, తలుపులు మూస్తారు. సభ్యులు తమ సీటు దగ్గరున్న మీటలు నొక్కుతారు: ఆకుపచ్చ అనుకూలం, ఎరుపు వ్యతిరేకం, పసుపు తటస్థం. తప్పు మీట నొక్కినవారు, యంత్రం పనిచేయనివారు కాగితపు చీటీ ఇచ్చి సరిదిద్దుకుంటారు. అందుకే సభాపతి "సవరణలకు లోబడి" అని ఫలితం చదువుతారు. 2024 డిసెంబరు 17న జమిలి ఎన్నికల బిల్లు ప్రవేశపెట్టేటప్పుడు తెర మీద వచ్చిన సంఖ్యలకూ, చీటీలు కలిపాక ప్రకటించిన 269, 198 సంఖ్యలకూ తేడా చాలానే ఉంది. ఓటింగ్ రోజు సాయంత్రం టీవీ తెర ఫోటో పట్టుకుని తీర్పు ఇవ్వకూడదన్నది ఇందుకే. సభా చర్చల ప్రతిలో పేర్ల జాబితా వస్తుంది. చీటీ ద్వారా ఓటేసినవారి పేర్ల పక్కన గుర్తు, అడుగున వివరణ ఉంటాయి. అదే చివరి మాట.

రాజ్యాంగ సవరణ బిల్లులకు ప్రత్యేక మెజారిటీ కావాలి కనుక డివిజన్ తప్పనిసరి. ఒక సభ్యుడి ఓటు వెతకాలంటే అక్కడినుంచి మొదలుపెట్టడం సులువు. 2023 సెప్టెంబరు 20న మహిళా రిజర్వేషన్ బిల్లుకు లోక్‌సభలో అనుకూలంగా 454, వ్యతిరేకంగా 2 ఓట్లు వచ్చాయి. సాధారణ బిల్లుల్లో వివాదం ముదిరినప్పుడు కూడా డివిజన్ వస్తుంది. 2025 ఏప్రిల్ 3 తెల్లవారకముందే వక్ఫ్ సవరణ బిల్లుకు లోక్‌సభలో 288, 232గా ఓట్లు పడ్డాయి.

జాబితాలో పేరు లేకపోతే ఏమనుకోవాలి? ఇక్కడ చాలామంది పొరబడతారు. గైర్హాజరైనా, సభలో ఉండి వాకౌట్ చేసినా, లాబీలోనే ఉండిపోయినా కాగితం మీద ఒకేలా ఉంటుంది: పేరు ఉండదు. 2018 జులై 20న తెలుగుదేశం పెట్టిన అవిశ్వాస తీర్మానం 126, 325 ఓట్లతో వీగిపోయింది. ఆ రోజు ఒడిశా పార్టీ బీజేడీ ముందే వాకౌట్ చేసింది. ఆ పార్టీ సభ్యుల పేర్లు ఏ వైపూ కనపడవు, కానీ అది అలసత్వం వల్ల కాదు, రాజకీయ నిర్ణయం వల్ల. దాన్ని తేల్చుకోవాలంటే డివిజన్‌కు ముందు ఆ పార్టీ నాయకుడు ఏం మాట్లాడారో అదే రోజు చర్చల ప్రతిలో చదవాలి.

ఇంత కష్టపడి తవ్వి తీసిన ఓటు కూడా ఆ సభ్యుడి గురించి చెప్పేది తక్కువే. 1985లో 52వ సవరణతో రాజ్యాంగంలోకి వచ్చిన పదో షెడ్యూలు, అంటే ఫిరాయింపుల నిరోధక నిబంధనల ప్రకారం పార్టీ విప్‌కు (ఎటు ఓటేయాలో చెప్పే ఆదేశానికి) విరుద్ధంగా ఓటేసినా, ఓటింగ్‌కు రాకపోయినా, ముందస్తు అనుమతి లేకుంటే, పదిహేను రోజుల్లో పార్టీ మన్నించకుంటే సభ్యత్వం పోవచ్చు. బెంగళూరు దీన్ని దగ్గరగా చూసింది. 2019 జులై 23న కర్ణాటక శాసనసభ కొలువుండే విధానసౌధలో కుమారస్వామి ప్రభుత్వం 99, 105 ఓట్లతో పడిపోయింది. ఆ సమయంలో రాజీనామాలిచ్చి సభకు రాని శాసనసభ్యులతో కలిపి మొత్తం 17 మంది మీద స్పీకర్ అనర్హత వేటు వేశారు. కె.ఆర్. పురం, యశవంతపుర, మహాలక్ష్మి లేఅవుట్, శివాజీనగర సభ్యులు అందులో ఉన్నారు. అనర్హతను అదే ఏడాది నవంబరులో సుప్రీంకోర్టు సమర్థించింది, ఉప ఎన్నికల్లో పోటీకి మాత్రం అనుమతించింది. ఇంత కత్తి మెడ మీద ఉన్నప్పుడు ఓటు అనేది పార్టీ చేతిరాత. అందులో సభ్యుడి సొంత బుద్ధిని వెతకడం వృథా శ్రమ.

సొంత బుద్ధి కనపడేది లిఖిత ప్రశ్నల్లో. ఏ ప్రశ్న అడగమనీ విప్ జారీ కాదు, అడగొద్దనీ జారీ కాదు. సభ్యుడికి నియోజకవర్గం గురించి ఏం తెలుసో, ఎవరి మాట వింటారో, తన కార్యాలయంలో పనిచేసే మనుషులు ఎంత శ్రద్ధగలవారో అక్కడ బయటపడుతుంది. రికార్డులో ఎక్కువ సమయం పెట్టదగిన భాగం ఇదే.

లోక్‌సభలో రోజుకు 20 నక్షత్రం గుర్తు ప్రశ్నలు, 230 గుర్తు లేని ప్రశ్నలు జాబితాలోకి వస్తాయి. నక్షత్రం ఉన్నదానికి మంత్రి సభలో నోటితో జవాబు చెప్పాలి. అడిగిన సభ్యుడికి రెండు అనుబంధ ప్రశ్నలు దొరుకుతాయి, మిగతావారు సభాపతి అనుమతితో ఒక్కొక్కటి అడగవచ్చు. ప్రశ్నోత్తరాల గంటలో సాధారణంగా నాలుగైదు ప్రశ్నలే వంతుకొస్తాయి, మిగిలినవాటికి రాతపూర్వక జవాబు సభ ముందు పెడతారు. గుర్తు లేనివాటికి మొదటినుంచీ రాతపూర్వక జవాబే, అనుబంధ ప్రశ్న ఉండదు. ఒక సభ్యుడి పేరు మీద ఒక రోజు జాబితాలో నక్షత్రం ప్రశ్న ఒకటికి మించి రాదు, అన్నీ కలిపి అయిదుకు మించవు. నోటీసు కనీసం పదిహేను పూర్తి రోజుల ముందు ఇవ్వాలి. వచ్చిన నోటీసుల వరుసను లాటరీ తేలుస్తుంది. అంటే నక్షత్రం ప్రశ్న రావడంలో అదృష్టం పాలు ఎక్కువ. "ఆయనకు అయిదేళ్లలో నక్షత్రం ప్రశ్నలు తక్కువ వచ్చాయి" అన్నది నేరం కాదు. గుర్తు లేని ప్రశ్నలూ తక్కువగా ఉంటే మాత్రం నోటీసులే ఇవ్వడం లేదన్న అనుమానం న్యాయమైనదే.

సంఖ్యకు ఒక పైకప్పు కూడా ఉంది. పదిహేడో లోక్‌సభ అయిదేళ్లలో 274 రోజులు కూర్చుంది. రోజుకు అయిదు చొప్పున ఎంత లాగినా 1,370. అందులో కొన్ని రోజులు ప్రశ్నోత్తరాలే లేవు. కాబట్టి మూడు వందల ప్రశ్నలున్న సభ్యుడు నిజంగా పట్టుదలగా నోటీసులు పంపినవారే. కానీ ఆ మూడు వందలూ ఏమిటి? పీడీఎఫ్ తెరిస్తే చాలాసార్లు ఒకే ప్రశ్న పైన నలుగురైదుగురి పేర్లు ఉంటాయి. ఒకే విషయం మీద వచ్చిన నోటీసులను లోక్‌సభ సచివాలయం కలిపేస్తుంది, లెక్కలో మాత్రం అందరికీ ఒక్కొక్కటి పడుతుంది. అచ్చుగుద్దినట్టు ఒకే వాక్యంతో, రాష్ట్రం పేరు మాత్రమే మారుస్తూ సాగే ప్రశ్నలు ఇంకో రకం. సభ్యుడి నియోజకవర్గానికీ, రాష్ట్రానికీ, ఆయన ఉన్న స్థాయీసంఘానికీ సంబంధం లేకుండా ఒకే పరిశ్రమ చుట్టూ తిరిగే ప్రశ్నలు కనపడితే ఆగి చూడాలి. డబ్బు తీసుకుని ప్రశ్నలడిగిన వ్యవహారంలో 2005 డిసెంబరులో 11 మంది ఎంపీల సభ్యత్వం పోయింది, పది మంది లోక్‌సభ, ఒకరు రాజ్యసభ.

ఒక ప్రశ్నను దగ్గరగా చూద్దాం. బెంగళూరు సబర్బన్ రైలుకు కేంద్రం 2020 అక్టోబరులో ఆమోదం ఇచ్చింది. నాలుగు కారిడార్లు, 148 కిలోమీటర్లు, అంచనా 15,767 కోట్ల రూపాయలు. 2022 జూన్‌లో శంకుస్థాపన జరిగింది. దీని మీద సాదాసీదా ప్రశ్న ఇలా ఉంటుంది: (ఎ) పనులు ఆలస్యమవుతున్న సంగతి ప్రభుత్వ దృష్టికి వచ్చిందా, (బి) వస్తే వివరాలేమిటి, (సి) త్వరగా పూర్తిచేయడానికి తీసుకున్న చర్యలేమిటి? దానికి జవాబు "(ఎ) నుంచి (సి) వరకు" అని ఒకే పేరాగా వస్తుంది. ఆమోదం తేదీ, పొడవు, ఖర్చు, ఆపైన రైల్వే శాఖ ఏళ్లుగా వాడుతున్న వాక్యం: ప్రాజెక్టు పూర్తికావడం భూసేకరణ, అటవీ అనుమతులు, అడ్డొచ్చే తీగలూ పైపుల తరలింపు, నేల స్వభావం, శాంతిభద్రతలు, ఏడాదిలో పని జరిగే నెలలు వంటి అనేక అంశాల మీద ఆధారపడి ఉంటుంది. పత్రికల్లో అప్పటికే ఉన్న దానికి మించి ఒక్క అక్షరం రాదు.

అదే ప్రశ్నను ఇలా అడిగితే? (ఎ) సంపిగె, మల్లిగె, పారిజాత, కనక కారిడార్లలో ఒక్కోదానికి అవసరమైన రైల్వే భూమి ఎంత, ప్రైవేటు భూమి ఎంత, ఈ తేదీ నాటికి అప్పగించింది ఎంత. (బి) 2022–23 నుంచి ఏటా కేటాయింపు, వాస్తవ ఖర్చు, కేంద్రం, రాష్ట్రం, రుణం వాటాల వారీగా. (సి) ఇప్పటిదాకా పిలిచిన టెండర్లు, ఇచ్చిన పనులు, రద్దయిన పనులు, కారణాలతో. (డి) ఒక్కో కారిడార్ సవరించిన గడువు. ఇక్కడ "అనేక అంశాలు" అంటే సరిపోదు, పట్టిక ఇవ్వాలి. ఇవ్వకపోతే ఎగవేత బట్టబయలవుతుంది. ప్రశ్న మొత్తం 150 పదాలు దాటకూడదన్నది నియమం. మంచి ప్రశ్న రాయడం ఆ పదాల పొదుపులోనే ఉంది.

శాఖల అలవాట్లు తెలిసిన కార్యాలయానికే ఇది సాధ్యం. "కర్ణాటకలో రైల్వే ప్రాజెక్టులెన్ని" అని అడిగితే, ప్రాజెక్టులను రాష్ట్రాలవారీగా కాక జోన్లవారీగా చేపడతామన్న ముక్కతో జవాబు మొదలవుతుంది. దక్షిణ పశ్చిమ రైల్వే అనో, బెంగళూరు డివిజన్ అనో పేరు పెట్టి అడిగితే ఆ దారి మూసుకుంటుంది. హిందూపురం వైపు ఫలానా రైలుకు ఫలానా స్టేషన్లో హాల్ట్ కావాలని అడిగితే, రాకపోకల సౌలభ్యం, ప్రయాణికుల రద్దీ, వనరులను బట్టి ఇది నిరంతరం జరిగే ప్రక్రియ అని వస్తుంది. దాని బదులు ఆ స్టేషన్లో గత మూడేళ్లలో టికెట్ల అమ్మకం, అదే సెక్షన్లో గత మూడేళ్లలో ఇచ్చిన కొత్త హాల్టులు, వాటికి చూసిన రద్దీ లెక్క అడిగితే, తర్వాత పోట్లాడటానికి పునాది దొరుకుతుంది. సంక్రాంతికి బెర్త్ దొరకక ప్రైవేటు బస్సుకు రెండింతలు పెట్టే ప్రయాణికుడికి పనికొచ్చేది ఈ రెండో రకం ప్రశ్నే.

మెట్రో సంగతి మరో పాఠం. 2025 ఫిబ్రవరి 9 నుంచి నమ్మ మెట్రో గరిష్ఠ చార్జీ 60 రూపాయల నుంచి 90కి పెరిగింది. మెట్రోను నడిపే బీఎంఆర్‌సీఎల్ కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాల సగం సగం వాటా సంస్థ కావడంతో నింద బంతిలా అటూ ఇటూ తిరిగింది. చార్జీలు తగ్గిస్తారా అని ఢిల్లీలో అడిగితే, 2002 మెట్రో చట్టం కింద వేసిన చార్జీల నిర్ణయ కమిటీ సిఫారసులకు సంస్థ కట్టుబడాలన్న జవాబు వచ్చి తీరుతుంది, ఎందుకంటే చట్టంలో ఉన్నదే అది. కమిటీ ఏ ఖర్చులను లెక్కలోకి తీసుకుంది, ప్రయాణికుల సంఖ్య ఎంతని అంచనా వేసింది, తర్వాతి పెంపుకు ఏ సూత్రం పెట్టింది అని అడిగిన సభ్యుడు విషయం తెలిసి అడిగినవారు.

తప్పు గుమ్మం తట్టిన ప్రశ్నలు చాలా ఉంటాయి. చెరువు కబ్జా, ట్యాంకర్ నీటి ధర, వీధి దీపాలు, పోలీసు స్టేషన్ గురించి పార్లమెంటులో అడిగితే అది రాష్ట్ర జాబితాలోని అంశమన్న ఒక్క వాక్యం వస్తుంది, లేదా ప్రశ్నే తిరస్కరణకు గురవుతుంది. ఆ ప్రశ్నల చోటు విధానసౌధ. బెంగళూరులో ఈ బరువు ఇంకా ఎక్కువ. నగరపాలక సంస్థ బీబీఎంపీ పాలకమండలి గడువు 2020 సెప్టెంబరు 10న ముగిసింది, ఆ తర్వాత ఏళ్ల తరబడి కార్పొరేటర్లు లేరు. 2025లో గ్రేటర్ బెంగళూరు చట్టం అమల్లోకి వచ్చి నగరం అయిదు కార్పొరేషన్లయింది. వార్డులో అడగాల్సిన మురుగుకాల్వ సంగతి కూడా ఇన్నాళ్లూ ఎమ్మెల్యే శాసనసభలో అడగాల్సి వచ్చింది. బెంగళూరు నగర జిల్లాలోని 28 మంది ఎమ్మెల్యేల ప్రశ్నలను పక్కపక్కన పెట్టి చదివితే ఎవరు ఆ ఖాళీని నింపారో తెలుస్తుంది.

శాసనసభ జవాబులు ఎక్కువగా కన్నడంలో ఉంటాయి. తెలుగు చదివినవారికి ఆ లిపి పరాయిది కాదు, తలకట్ల తేడా పట్టుబడితే వారం రోజుల్లో కూడబలుక్కోవచ్చు. ఒక వైపు ప్రశ్న, పక్కనే జవాబు ఉండే పట్టికలో నాలుగు మాటలు గుర్తుపట్టగలిగితే సగం పని అయినట్టే. "గమనక్కె బందిదె" అంటే ప్రభుత్వ దృష్టికి వచ్చింది. "ఉద్భవిసువుదిల్ల" అంటే ఆ ప్రశ్నే తలెత్తదు. పై దానికి కాదని చెప్పి కిందివన్నీ కొట్టేసే పద్ధతి. "అనుబంధదల్లి ఒదగిసిదె" అంటే అసలు అంకెలు వెనక పేజీల్లో ఉన్నాయి, కాబట్టి పీడీఎఫ్ చివరిదాకా తిప్పాలి. "పరిశీలనెయల్లిదె" అంటే పరిశీలనలో ఉంది. ఈ చివరి మాట దగ్గర తేదీ రాసి పెట్టుకోవాలి.

ఆ "పరిశీలనలో ఉంది" కి పార్లమెంటులో ఒక విలువ ఉంది, అది బయటివారికి అంతగా తెలియదు. "సమాచారం సేకరిస్తున్నాం, సభ ముందు పెడతాం", "అంశం పరిశీలనలో ఉంది" వంటి జవాబులు హామీల కింద లెక్క. లోక్‌సభలో 1953 నుంచి ప్రభుత్వ హామీల కమిటీ ఉంది. పదిహేను మంది సభ్యులు. హామీని మూడు నెలల్లో నెరవేర్చాలి, లేదా గడువు పొడిగింపు అడగాలి. నెరవేర్చిన నివేదికలు తర్వాత సభ ముందుకు వస్తాయి. మంత్రి ఇచ్చిన జవాబులో తప్పుందని తేలితే సవరణ ప్రకటన చేయాలి, అదీ రికార్డులో చేరుతుంది. జవాబు వచ్చిన రోజే పత్రికలో పడుతుంది, ఆర్నెల్ల తర్వాత వచ్చే సవరణనో నివేదికనో ఎవరూ అచ్చు వేయరు. సభ్యుడి శ్రద్ధను తూచడానికి ఇంతకంటే మంచి కొలత కనపడదు: ఒకే అంశం మీద తర్వాతి సమావేశాల్లో మళ్లీ అడిగారా, "ఫలానా తేదీ, ఫలానా నంబరు ప్రశ్నకు ఇచ్చిన జవాబుకు కొనసాగింపుగా" అని పాత నంబరు పట్టుకుని అడిగారా? మూడు వందల విడివిడి ప్రశ్నల కంటే, ఒకే లెవెల్ క్రాసింగ్ మీద నాలుగు సమావేశాలు వరసగా అడిగిన నాలుగు ప్రశ్నలు నియోజకవర్గానికి ఎక్కువ చేస్తాయి. కార్డులోని సంఖ్య ఈ రెంటికీ తేడా చూపించలేదు.

ప్రైవేటు సభ్యుల బిల్లుల గడి మీద ఎక్కువ ఆశ పెట్టుకోనక్కర్లేదు. స్వాతంత్ర్యం వచ్చాక అలాంటివి 14 మాత్రమే చట్టాలయ్యాయి, చివరిది 1970లో. సభ్యుడి ఆసక్తి ఎటుందో తెలుసుకోవడానికి పనికొస్తాయి, అంతే.

ఇదంతా చూడటానికి డిజిటల్ సంసద్ సైట్లో సభ్యుడి పేరు, శాఖ, సమావేశం ఎంచుకుంటే ప్రశ్నల పీడీఎఫ్‌లు వస్తాయి. చట్టసభల పనితీరును గమనించే పీఆర్ఎస్ సంస్థ సైట్లో హాజరు, ప్రశ్నలు, చర్చల మొత్తాలు ఒకేచోట ఉంటాయి. మొత్తాలు అక్కడ చూసి, తీర్పు మాత్రం పీడీఎఫ్‌లు చదివాక ఇవ్వాలి. ఒక సమావేశానికి చెందిన ప్రశ్నలు చదవడానికి ఒక ఆదివారం మధ్యాహ్నం చాలు. మూడు రంగులు పెట్టుకుంటే పని తేలిక: నియోజకవర్గం పేరో, అక్కడి సంస్థ పేరో ఉన్నవి ఒక రంగు, అంకెలు, తేదీలు, పట్టిక అడిగినవి ఒక రంగు, పాత జవాబుకు కొనసాగింపుగా వచ్చినవి ఒక రంగు. ఏ రంగూ పడనివి ఎన్ని మిగిలాయో చూస్తే చాలు.

ప్రశ్న అడిగించుకోవడం కూడా ఓటరు చేతిలో ఉన్న పనే. అపార్ట్‌మెంట్ సంఘమో, రైలు ప్రయాణికుల సంఘమో వినతిపత్రంతో పాటు ఎంపీ కార్యాలయానికి తయారు ప్రశ్నే ఇస్తే అది నోటీసుగా మారే అవకాశం ఎక్కువ. సమావేశాల తేదీలు ప్రకటించగానే, అంటే పదిహేను రోజుల నోటీసు గడువు దాటకముందే పంపాలి. శాఖలను అయిదు గుంపులుగా చేసి వారంలో ఒక్కో రోజు కేటాయిస్తారు కాబట్టి, ఏ మంత్రిత్వ శాఖకు ప్రశ్నో పైనే రాయాలి. 150 పదాల లోపు, అభిప్రాయం అడగకుండా, కోర్టులో ఉన్న విషయం జోలికి పోకుండా, వాదన లేకుండా ఉండాలి. ప్రశ్నలోని సమాచారానికి సభ్యుడే బాధ్యుడు కనుక ఆధారంగా ఉన్న ఉత్తర్వు లేదా పత్రిక కత్తిరింపు నకలు జతచేయాలి. జాబితాలోకి వస్తే దానికి ఒక నంబరు పడుతుంది, జవాబు అదే రోజు సైట్లోకి చేరుతుంది. ఆ నంబరు, తేదీ సంఘం రిజిస్టరులో రాసి, మూడు నెలల తర్వాతి తేదీని పక్కనే రాసి పెట్టుకుంటే తర్వాతి ప్రశ్నకు మొదటి వాక్యం అప్పటికే సిద్ధంగా ఉంటుంది.